పదో వంతు ఎత్తు

కోరంగి బిస్కెట్స్ లిమిటెడ్ గేటు దగ్గరి పసుపు గీత దాటిన వాటాదారు ఎవరైనా, కంపెనీలో తన వాటా ఎంతో అంత ఎత్తుకు మారిపోతాడు. ఇది ఆ ఒక్క కంపెనీ ప్రత్యేకత కాదు. వాటాదారుల పరిమాణ చట్టం ఐదో షెడ్యూలు ప్రకారం రిజిస్టరైన కంపెనీలన్నిటిలోనూ ఇదే పద్ధతి. పదో వంతు వాటా ఉన్నవాడు మామూలు మనిషెత్తు ఉంటాడు. అంతకంటే ఎక్కువున్నవాడు ఆ లెక్కన పెరుగుతాడు, తక్కువున్నవాడు ఆ లెక్కన తగ్గుతాడు. వెయ్యింట మూడు వంతులు కూడా లేనివాళ్లను మరీ కంటికి ఆనకుండా చేయడం మర్యాద కాదు కాబట్టి, ప్రభుత్వం దయతలచి వాళ్లందరికీ బొటనవేలంత ఎత్తు ఖాయం చేసింది. ఒంటి మీది బట్టలు, కళ్లజోడు, చేతిగడియారం మనిషితో పాటే మారతాయి. సెల్‌ఫోను, చేతిసంచి మారవు గనక వాటిని గేటు దగ్గర ఇచ్చి టోకెను తీసుకోవాలి. గీత దాటి బయటికొస్తే ఎవరి ఎత్తు వాళ్లకు వచ్చేస్తుంది.

ఉద్యోగులకు వాటాలు లేవు. ఏమీ లేనివాళ్ల జోలికి చట్టం పోదు. అందుకని వాళ్లు తమ మామూలు ఎత్తులోనే, మెత్తటి గుడ్డ బూట్లు వేసుకుని, నేల చూసుకుంటూ తిరుగుతారు.

కాకినాడ గాంధీనగర్‌లో బ్యూటీ పార్లర్ నడిపే సత్యవేణి ఈ కంపెనీలో ఐదేళ్లుగా బొటనవేలంత మనిషి. ఏటా వార్షిక సమావేశానికి వెళ్లేది. గేటు లోపల ఉద్యోగి ఒకడు బిస్కెట్లు కాల్చే ట్రే పట్టుకుని నిలబడేవాడు. ట్రేలో వరసగా గుంటలు, గుంటకొక వాటాదారు. ట్రే నిండగానే హాల్లోకి మోసుకెళ్లి బల్ల మీద పెట్టేవాడు. అక్కడి నుంచి చూస్తే చైర్మన్ పట్టాభిరాయుడి చెప్పుల బకిల్ బాగా కనిపించేది. ఆయనకు డెబ్భై ఒక్క శాతం వాటా ఉంది. నాలుగంతస్తుల ఎత్తు మనిషి. హాలు ఆయన కొలతకే కట్టారు. ముందుముందు ఆయన ఇంకా కొంటే కప్పు లేపడానికి వీలుగా, స్లాబు మీద పిల్లర్ల ఇనుప చువ్వలు అలాగే వదిలేశారు.

సమావేశం ఎప్పుడూ ముప్పావుగంటలో అయిపోయేది. తీర్మానాలన్నీ ఏకగ్రీవంగా నెగ్గేవి. ట్రేల్లోంచి ఎవరైనా కాదన్నా ఆ గొంతు మైకు దాకా వచ్చేది కాదు. తర్వాత అందరినీ గేటు బయటికి మోసుకొచ్చి దింపి, తలా ఒక టిఫిన్ పొట్లం ఇచ్చేవాళ్లు. అందులో ఒక మైసూరుపాకు, గుప్పెడు మిక్చరు, కంపెనీ బిస్కెట్లు రెండు. సత్యవేణికి ఈ ఏర్పాటులో లోపమేమీ కనిపించలేదు, ఈ ఏడు నోటీసు వచ్చే దాకా.

నోటీసులో ఏడో అంశం ఇది: మూడేళ్ల కిందట వాటాదారుల డబ్బుతో కొన్న పెద్ద పొయ్యిని, అంటే రోజుకు పదిహేను టన్నుల బిస్కెట్లు కాల్చే కొత్త యంత్రాన్ని, చైర్మన్ గారి చిన్నకోడలు పెట్టిన కంపెనీకి పాత ఇనుము ధరకు అమ్మడం. ఆ పొయ్యి పోతే కోరంగి బిస్కెట్స్‌లో మిగిలేవి గోడలు, గుడ్డ బూట్లు. సత్యవేణి వాటాలు చిత్తు కాగితాలవుతాయి. పార్లర్ ఉన్న గదిని ఇంటాయన అమ్మకానికి పెట్టాడు. దసరాలోగా అడ్వాన్సు ఇస్తే ఆమెకే ఇస్తానన్నాడు, లేకపోతే సెల్‌ఫోన్ల దుకాణం వాళ్లు కాచుకుని ఉన్నారు. అడ్వాన్సు కోసం ఆమె నమ్ముకున్నది ఆ వాటాలనే.

పార్లర్‌లో పదకొండేళ్లుగా పనిచేస్తున్న రత్నం ఆ నోటీసు రెండుసార్లు చదివింది. సత్యవేణి కంటే నాలుగేళ్లు పెద్దదైనా ఆమెను అక్కా అనే పిలుస్తుంది.

"పొయ్యి వాళ్లింట్లో వాళ్లకే అమ్ముకుంటారా అక్కా? మరి అడిగేవోళ్లు లేరా?"

"ఉన్నాం కదే, తొమ్మిదొందల మందిమి. ట్రేల్లో."

మర్నాడు సత్యవేణి అడ్వకేట్ నఫీసా దగ్గరికి వెళ్లింది. కంపెనీ వ్యవహారాల్లో ముప్ఫై ఏళ్ల అనుభవమున్న మనిషి. వచ్చినవాళ్లను ముందు గోడకు నిలబెట్టి ఎత్తు చూస్తుంది. గోడ మీద షెడ్యూలు ప్రకారం గీతలు గీసి ఉన్నాయి. అన్నిటికంటే కిందిది నేలకు రెండంగుళాల పైన.

"మీరిక్కడమ్మా," అంది నఫీసా, ఆ గీతను చెప్పు కొసతో చూపిస్తూ. "కంపెనీ కోర్టు చెవి మొదలయ్యేది పదో వంతు దగ్గర. అంతకు కిందున్నోళ్లు ఎంత అరిచినా జడ్జిగారికి ఇనపడదు. ఇనకూడదని కాదండి, ఇనపడదు. బెంచీ ఎత్తు అంత."

"మరి మాలాంటోళ్లకి దారేంటి మేడమ్?"

"కలవడమే. మిగతావాళ్లు సమావేశానికి రాకుండా, మా వాటా తరఫున ఈవిడ నిలబడుద్ది అని రాసిస్తే వాళ్ల ఎత్తు మీకు కలుస్తది. పదో వంతు అయ్యారంటే లోపల మామూలు మనిషి. మైకులో మాట్లాడచ్చు. అభ్యంతరం చెప్పి, ఇంకొకళ్లు బలపరిస్తే అమ్మకం ఆగిపోద్ది. అప్పుడు నా దగ్గరికి రండి, పిటిషన్ వేద్దాం."

వాకిట్లో స్కూటరు తాళం తీయబోతూ సత్యవేణి వెనక్కి వచ్చింది. ఆమెకు ఇంకో అనుమానం ఉంది. "అసలు అందరికీ మోకాలెత్తయినా ఇస్తే ఏం పోద్దండి చట్టానికి?"

నఫీసా కళ్లజోడు తీసి తుడుచుకుంది. "కొన్ని దేశాల్లో ఇచ్చారంట. అక్కడ రిక్షా తొక్కేవాడు కూడా కంపెనీలో వాటా కొంటాడంట. యజమాని కూడా దిగులు లేకుండా అమ్ముతాడంట. తగ్గినా తొక్కరని నమ్మకం కదా. కంపెనీకి వందల మంది సొంతదారులు, ఎవరెవరో ఎవరికీ తెలీదంట. ఇక్కడ చూశారా, కంపెనీకొక ఇల్లు, ఇంటికొక కంపెనీ." ఒక కాగితం తీసింది. "మన పిటిషన్లో రెండో విన్నపంగా అదీ రాస్తాను. కనీసం మోకాలెత్తు ఇవ్వాలి, పెద్ద వాటాదారులు కింద చూసి నడవాలి, తొక్కితే శిక్ష ఉండాలి, ఇదివరకు తొక్కినోళ్లకి కూడా. రాయనా?"

"రాయండి మేడమ్. ముందు అదే రాయండి."

తొమ్మిదొందల మందిలో మూడొందల పైచిలుకు కలిస్తే పదో వంతు. ఆ మనుషుల్ని వెతికిపెట్టినవాడు తటవర్తి అవధాని. పోర్టులో పనిచేసి రిటైరైన ఆయనకు నలభై కంపెనీల్లో పదేసి వాటాలున్నాయి. సమావేశాల రుతువులో ఇంట్లో వంట అక్కర్లేనంతగా టిఫిన్ పొట్లాలు తెచ్చేవాడు. చివర్లో వందన సమర్పణ తీర్మానాన్ని బలపరిచేది ఎప్పుడూ ఆయనే. ఆ గొంతు ఎవరికీ వినిపించకపోయినా మినిట్స్‌లో ఆయన పేరు పడేది.

చిన్న వాటాదారులు చెడ్డవాళ్లు కాదు. సత్యవేణి చెప్పింది విని తల ఊపారు, మంచినీళ్లిచ్చారు, చైర్మన్‌ను తిట్టారు. రాసిమ్మని కాగితం తీసేసరికి మాత్రం అందరూ ఒకే ప్రశ్న వేశారు. జగన్నాథపురంలో ఇస్త్రీ షాపు పైడయ్య దాన్ని సూటిగా అడిగాడు.

"రాసిచ్చేసి ఇంటికాడ కూకుంటే మరి పొట్లం?"

"పొయ్యి పోతంటే పొట్లం ఏంటి పైడయ్యగారూ?"

"పొయ్యి నేనెప్పుడూ చూళ్లేదమ్మా. పొట్లం ఏటేటా చూత్తన్నాను."

ఇది న్యాయమైన మాటే. చట్టం వాళ్లకిచ్చినదాంట్లో చేతికి తగిలేది అదొక్కటే. హాజరైనవాళ్లకే పొట్లం అని కంపెనీ నియమావళిలో ఉంది. సత్యవేణి ఆ సాయంత్రమే పార్లర్‌లోని పెద్ద స్టీమరు అమ్మేసి, కంపెనీకి పొట్లాలు కట్టే హోటలుకే వెళ్లి అవే పొట్లాలు మూడొందల యాభై చెప్పింది. గేటు బయట షామియానా వేయిస్తాను, రాసిచ్చి అక్కడే కూర్చుని తిని వెళ్లచ్చు అని చాటింపు వేయించింది. రెండ్రోజుల్లో రెండొందల కాగితాలు వచ్చాయి.

మూడో రోజు కంపెనీ పేపర్లో ప్రకటన ఇచ్చింది: ఈ ఏడు పొట్లంతో పాటు స్టీలు డబ్బా. కాగితాలు రావడం ఆగిపోయింది. ఇచ్చినవాళ్లలో కొందరు వెనక్కి అడిగారు. సత్యవేణి పొట్లానికి నాలుగు కాజాలు కలిపింది, పాకం గొట్టం కాజా, కొరికితే చేతిమీద కారేది. కంపెనీ స్టీలు డబ్బాకు మూత కూడా ఇస్తామంది. ఊళ్లో రెండు జట్లు అయ్యాయి. డబ్బా పదేళ్లుంటుందని ఒకళ్లు, కాజా ఇప్పుడే తినచ్చని ఇంకొకళ్లు. పొయ్యి సంగతి ఎవరూ ఎత్తలేదు. కాకినాడ మనుషులు గనక చివరికి కాజానే నెగ్గింది.

"మీరు కూడా రాసివ్వండి బాబాయిగారూ," అంది సత్యవేణి అవధానితో.

"నేనా? అమ్మో, నా హాజరు తప్పకూడదమ్మా. ఇరవై రెండేళ్లుగా ఒక్కటీ ఎగ్గొట్టలేదు. పైగా బలపరిచేవాడు ఒకడు లోపలుండద్దూ? నువ్వు లేవగానే నేను బలపరుస్తాను. అది నాకు వెన్నతో పెట్టిన విద్య."

సమావేశం రోజు గేటు ముందు రెండు వరసలు. ఎడమ వైపు స్టీలు డబ్బాలు, కుడి వైపు కాజాలు. రత్నం షామియానాలో చీర కుచ్చిళ్లు దోపుకుని పొట్లాలు పంచుతోంది. కంపెనీ సెక్రటరీ, వాటాలు లేని బక్కపల్చటి మనిషి, బల్ల ముందు కూర్చుని సత్యవేణి ఇచ్చిన కాగితాలన్నీ ఒక్కొక్కటీ చూశాడు. ముప్ఫై రెండు పక్కన పెట్టాడు.

"వీటి సంతకాలు కలవట్లేదండి."

"చేతికి పాకం అంటుకుని చేశారండి. కావాలంటే మనుషులు అక్కడే ఉన్నారు, అడగండి."

"పాకానికి నియమావళిలో వెసులుబాటు లేదండి." ఆయన కోపంగా చెప్పలేదు. "ఇవి పోతే మీది తొమ్మిది శాతం. దాదాపు మనిషెత్తే. కాకపోతే కోర్టుకు వినపడదు. పది నిమిషాల్లో గేటు మూసేస్తామండి."

అవధాని అప్పటికే గీత దాటి ట్రేలో ఎక్కేశాడు. సంగతి అర్థమై, ట్రే పట్టుకున్నవాడి చేత నేల మీదికి దింపించుకుని, బొటనవేలంత మనిషి కాళ్లతో పరుగెత్తుకుంటూ గీత ఇవతలికి వచ్చి మామూలు మనిషయ్యాడు. రొప్పుతూ స్టీలు డబ్బాల వరస వెంట నడిచాడు. ఇరవై రెండేళ్లుగా పక్కపక్క గుంటల్లో కూర్చున్నవాళ్లు, అందరూ పేర్లతో సహా తెలుసు.

"ఒరే సూర్నారాయణా, మీ ఇంట్లో డబ్బాలు లేవట్రా? కామేశ్వరమ్మగారూ, మీకు షుగరని కాజా మానేశారా? మీ మనవడికి పెట్టండి. వరస మారండర్రా, మారండి. జన్మలో ఒక్కసారి మనలో ఒకత్తి మైకు దగ్గర నిలబడుతుంది, చూద్దాం!"

ముప్ఫై నలుగురు వరస మారారు. గేటు మూసే ముందు సెక్రటరీ లెక్క చూసి, పది శాతం దాటి వెంట్రుకంత ఎక్కువ అని రాసి, సంతకం పెట్టాడు. ఆయన మొహంలో కుతూహలం తప్ప ఇంకేం లేదు. అవధాని మళ్లీ గీత దాటి ట్రేలో తన గుంట ఎక్కాడు. సత్యవేణి చెప్పులు సర్దుకుని గీత దాటింది.

ఏమీ జరగలేదు. అదే వింత. ప్రపంచం పెద్దదవలేదు, గుమ్మం కొండలా లేవలేదు. బజారుకు వెళ్లే ఎత్తులోనే ఆమె హాల్లోకి నడిచింది. ట్రేలు మోసే కుర్రాళ్లు పక్కకు తప్పుకుని నమస్కారం పెట్టారు. బల్ల మీది గుంటల్లో చిన్నచిన్న తలలు ఆమె వైపు తిరిగాయి. ఐదేళ్లుగా తను అంత ఉండేదా అని ఆమెకు ఆశ్చర్యం వేసింది. ఫలానావాళ్లని ఎవరినీ గుర్తుపట్టలేకపోయింది.

పైనుంచి పట్టాభిరాయుడు చూశాడు. కప్పు కింద ఎక్కడో ఆయన మొహం, వీధి దీపంలా వంగి ఉంది.

"ఎవరమ్మా నువ్వు? ఇదివరకు కనపళ్లేదే."

"వచ్చానండి, ఐదేళ్లుగా. మీకు ఆనలేదు."

"అవునవును." ఆయన నిజంగానే సంతోషించాడు. "కుర్చీ వెయ్యండ్రా అమ్మాయికి."

ఆరు అంశాలు ఏకగ్రీవంగా నెగ్గాయి. ఏడోది చదవగానే సత్యవేణి మైకు దగ్గరికి వెళ్లింది. గొంతు హాలంతా మోగేసరికి ముందు ఆమే ఉలిక్కిపడింది. తర్వాత చెప్పాల్సింది చెప్పింది. పొయ్యి మా డబ్బుతో కొన్నది, దాన్ని మీ ఇంటికే మీరు అమ్ముకోకూడదు, పదో వంతు తరఫున నా అభ్యంతరం రాసుకోండి అంది. సెక్రటరీ రాసుకున్నాడు.

"బలపరిచే సభ్యులు ఎవరండి? హాల్లో ఉన్నవాళ్లే కావాలి. లేకపోతే అభ్యంతరం చెల్లదు."

హాలు నిశ్శబ్దమైపోయింది. అంటే, వినిపించే గొంతులేవీ లేవు. సత్యవేణి ట్రేల వైపు చూసింది. గేటు దగ్గర అవధాని ఎక్కిన గుంట ఖాళీగా ఉంది. ఎక్కడున్నాడో చూద్దామని, మైకు స్టాండు వదిలి, ఒక అడుగు వెనక్కి వేసింది.

చెప్పు కింద ఏదో అప్పడం విరిగినట్టయింది.

ట్రే మోసే కుర్రాడొకడు గబగబా వచ్చి మోకాళ్ల మీద కూర్చున్నాడు. "కాలు ఎత్తండి మేడమ్. మెల్లగా." అలవాటున్న చేతులతో జేబులోంచి పల్చటి అట్టముక్క తీసి, నేలకూ అవధానికీ మధ్య దూర్చి, చెక్కు చెదరకుండా పైకి లేపాడు. అవధాని చనిపోలేదు. కాకపోతే ఇప్పుడు ఆయనకు మందం లేదు. కళ్లజోడుతో సహా ఆకులా ఉన్నాడు. పెదవులు కదులుతున్నాయి.

"సార్," అన్నాడు కుర్రాడు సెక్రటరీతో. "అవధానిగారు బలపరిచారండి."

"ఎప్పుడు?"

"తొక్కడానికి ముందే అండి. బల్ల గుడ్డ పట్టుకుని దిగి పరిగెత్తుకొచ్చి మేడమ్‌గారి కాళ్ల దగ్గర నిలబడి అరుత్తున్నారు. నేను ఇన్నాను."

సెక్రటరీ గడియారం చూసి రాశాడు: అభ్యంతరం సక్రమంగా బలపరచబడినది, అమ్మకం నిలిపివేయడమైనది. తర్వాత ఇంకో పుస్తకంలో, పాదము కింద మార్పులు అన్న శీర్షిక కింద, ఇంకో వరస రాశాడు. అక్కడ సత్యవేణి సంతకం కావాలన్నాడు. నేరమేమీ లేదని, చట్టంలో దానికి శిక్ష లేదని, ఊరికే గుర్తుకోసమేనని చెప్పాడు. పెన్ను క్యాపు ఆయనే తీసిచ్చాడు.

పట్టాభిరాయుడు చేత్తో నేలను తాకేంతగా వంగాడు. పొయ్యి చేజారినందుకు ఆయన గొంతులో కోపం లేదు. దారి తప్పిన మనిషికి దారి చెబుతున్నట్టుంది.

"మొదటిసారి అందరికీ అలాగే అవుద్దమ్మా. నేను మూడ్రోజులు అన్నం తినలేదు."

"నేను చూసుకోలేదండి."

"చూసుకుంటే నడవలేం. ఇంత పెద్ద ఒళ్లేసుకుని నాకేం సరదా అనుకున్నావా? మా నాన్నగారు మంచోడు. కొత్త యంత్రాలకి డబ్బు కావాలని వాటాలు నలుగురికీ అమ్మాడు. అమ్మీ అమ్మీ అర శాతానికి దిగాడు, ఇదిగో ఇంత ఎత్తు," చిటికెనవేలి గోరు చూపించాడు. ఆయన గోరు అంటే మామూలు మనిషికి బెత్తెడు. "ఆ మరుసటేడు మీటింగులో ఎవరిదో కాలు. ఇప్పటికీ మా హాల్లో ఫ్రేము కట్టి ఉంచాం. దండ వెయ్యం, ఆయన ఒప్పుకోడు. నేను పొలాలమ్మి ఒక్కో వాటా తిరిగి కొన్నాను. అమ్మితే మళ్లీ తగ్గుతాను. అందుకని అమ్మను. డబ్బు కావాలంటే మరి పొయ్యే అమ్ముకోవాలి. నన్ను పట్టుకుని చెడ్డోడంటారు. చట్టం మోకాలెత్తు ఇచ్చుంటే నేనూ మంచోణ్ణే అమ్మా."

అవధానిని కవరులో పెట్టి గేటు బయటికి తెచ్చారు. గీత దాటగానే ఆయనకు ఎత్తు వచ్చింది, మందం రాలేదు. చట్టంలో ఎత్తు గురించే ఉంది. రత్నం చీర కొంగు నోట్లో కుక్కుకుంది. సత్యవేణి ఆయన్ని చుట్టి, రిక్షాలో పెట్టుకుని, సాంబమూర్తినగర్‌లో ఆయనింటికి తీసుకెళ్లింది. ఆయన భార్య కనకవల్లి తలుపు తీసి ఎగాదిగా చూసింది.

"ఏవిటండీ ఇది? పొద్దున్న బాగానే వెళ్లారుగా."

"బలపరిచానే," అన్నాడు అవధాని. గొంతు కాగితం రెపరెపలాడినట్టుంది. "నెగ్గింది. పొట్లం ఏదీ?"

పది రోజుల పాటు సత్యవేణి రోజూ వెళ్లింది. ఆయనకు ఏ బాధా లేదట. ఫ్యాను వేసినప్పుడు మాత్రం కనకవల్లి ఆయన మీద పప్పు రుబ్బే పొత్రం పెట్టేది. కంపెనీలు ఆయనకు కొత్త సౌకర్యం కల్పించాయి. సమావేశానికి ఆయన్ని మడిచి, కవరులో పెట్టి, పోస్టులో పంపితే చాలు, హాజరు వేసి, పొట్లంతో పాటు తిరుగు టపాలో పంపిస్తారు.

"బస్సు ఛార్జీ కలిసొచ్చిందమ్మా," అన్నాడు. "ఒకేరోజు రెండు మీటింగులున్నా ఇబ్బంది లేదు. పైకీ కిందకీ చించితే రెండు చోట్లా హాజరట. మీ పిన్నిగారు ఒప్పుకోవట్లేదు గానీ."

"నన్ను క్షమించండి బాబాయిగారూ."

"నువ్వేం చేశావమ్మా? నువ్వు మనిషెత్తున నిలబడ్డావు. మనిషెత్తున ఉంటే కాలు ఎక్కడో ఒక చోట పెట్టాలి కదా."

పదకొండో రోజు అడ్వకేట్ నఫీసా పిటిషన్ సిద్ధం చేసి కబురు పెట్టింది. మొదటి విన్నపం పొయ్యి అమ్మకాన్ని శాశ్వతంగా ఆపమని. అది ఖాయంగా నెగ్గుతుందంది. రెండోది మోకాలెత్తు గురించి, కింద చూసి నడవడం గురించి. ఇదివరకు తొక్కినవాళ్లకు కూడా శిక్ష పడాలని అందులో స్పష్టంగా ఉంది. సత్యవేణి ఆ పేజీ నెమ్మదిగా చదివింది. ఇంకోసారి చదివింది. పాదము కింద మార్పులు అన్న పుస్తకంలో చివరి సంతకం తనదే.

"శిక్ష ఎంతుంటదండి, పడితే?"

"ఏడేళ్లదాకా అని రాశాను. మీరే కదండి ముందు అదే రాయమన్నారు."

సత్యవేణి పెన్ను తీసుకుంది. రెండో విన్నపం మీద ఈ చివర నుంచి ఆ చివరకు గీత గీసి, పక్కన సంతకం పెట్టింది. తల ఎత్తలేదు. నఫీసా ఆశ్చర్యపోలేదు. ఆ పేజీ తీసి, అలాంటి కొట్టివేతలున్న పేజీల కట్టలో పెట్టింది. కట్ట లావుగా ఉంది.

"ముప్ఫై ఏళ్ల నుంచీ టైపు చేస్తున్నానమ్మా ఈ పేరా. ఒక్కసారీ కోర్టు గుమ్మం ఎక్కలేదు. అడిగేవాళ్లకి ఎత్తు చాలదు. ఎత్తొచ్చినోళ్లు వచ్చి ఇలాగే కొట్టేస్తారు. పట్టాభిరాయుడుగారిది కూడా ఇందులోనే ఉంది, ఆయన కుర్రోడిగా ఉన్నప్పటిది."

"మరి ఎందుకు టైపు చేస్తారు?"

"కొట్టెయ్యడానికి కాగితం మీద ఏదో ఒకటి ఉండాలి కదండి," అంది నఫీసా, టీ చెప్పి.

పొయ్యి కంపెనీలోనే ఉండిపోయింది. వాటాల ధర నిలబడింది. సత్యవేణి తన వాటాలు అమ్మేసి, దసరాకు ముందే అడ్వాన్సు కట్టింది. కొన్నది పట్టాభిరాయుడే. ఆయన ఇంకో వెంట్రుకంత పెరిగాడు. రాసిచ్చినవాళ్ల కాగితాలు ఆ ఒక్క సమావేశానికే చెల్లుతాయి గనక, వచ్చే ఏడు పైడయ్యా వాళ్లూ మళ్లీ ట్రేలోనే వెళతారు. వాళ్లెవరూ నొచ్చుకోలేదు. కాజాలు చాలా బాగున్నాయని చెప్పుకున్నారు.

గదికి మిగతా డబ్బు కోసం బ్యాంకుకు బయల్దేరుతుంటే రత్నం అడ్డం వచ్చింది. చీటీ పాడిన డబ్బు చేతిలో ఉంది.

"బ్యాంకు ఎందుకక్కా? పార్లర్‌ని కంపెనీ చేసెయ్. నేనూ వాటా కొంటాను. పైడయ్యగారమ్మాయి కూడా కొంటానంది. అందరం కలిసి నడుపుకుందాం. వడ్డీ ఉండదు."

సత్యవేణి ఆమె మొహంలోకి చూసింది. పదకొండేళ్లుగా తన పక్కనే, తనతో సమానంగా నిలబడిన మనిషి. రత్నం చేతిలోని డబ్బు మడిచి ఆమె జాకెట్టులోకే తోసేసింది.

"వద్దే. జీతం పెంచుతాను."

బ్యాంకు మేనేజరు మంచివాడు. పద్నాలుగు శాతం వడ్డీ పడుతుందని, అది ఆ షాపు ఆదాయంలో సగం తినేస్తుందని ముందే చెప్పాడు. "భాగస్వాములెవరూ దొరకలేదాండి? వాటాలమ్మితే ఈ భారం ఉండదు కదా."

"దొరికారండి," అంది సత్యవేణి. "నా షాపులో నేను కింద చూడకుండా నడవాలండి."

ఆయన అర్థమైనట్టు తలాడించాడు. దరఖాస్తులో భాగస్వాములు వద్దనుకోవడానికి కారణం అన్న గడి ఉంది. ఆ వీధిలో మెడికల్ షాపుకు, చెప్పుల షాపుకు, రెండు టిఫిన్ హోటళ్లకు రాసినట్టే అందులో మామూలు కారణం అని రాసి, స్టాంపు వేసి, తర్వాతివాళ్లను రమ్మన్నాడు.